తల్లి చూడని పిల్లలు

మా ఆఫీసు బీచి రోడ్డుకి రెండు వీధులు ఎగువన, ఒక పాత పెంకుటింట్లో ఉండేది. చేపల మీద పరిశోధన చేసే ఆఫీసు. నేను అక్కడ టైపిస్టుగా చేరింది పంతొమ్మిది వందల ఎనభైలో, దసరా వెళ్ళిన వారం. మా నాన్నగారు పోర్టులో గుమాస్తా. కృష్ణా జిల్లా నుంచి వచ్చి పదేళ్ళయినా ఇక్కడివాళ్ళ మాట నాకు సగమే తెలిసేది. మిగతా సగం పోతమ్మ దగ్గర నేర్చుకున్నాను.

పోతమ్మ జాలరిపేట మనిషి. అప్పటికి ఇరవై అయిదేళ్ళుంటాయి. పొట్టిగా, గట్టిగా ఉండేది. సముద్రపు ప్రాణులను పెంచే మా తొట్లకు సముద్రపు నీళ్ళు తేవడం ఆమె పని. బకెట్లలో తెస్తే ఇనుము తగిలి ప్రాణులు చచ్చిపోతాయని మట్టికుండల్లోనే తెమ్మనేవారు. పొద్దున మూడు కుండలు, మధ్యాహ్నం రెండు. నెత్తిన చుట్టకుదురు పెట్టుకుని, కుండకు చెయ్యి ఆనించకుండా ఆ ఎత్తంతా నడిచొచ్చేది. దించాక చెంగుతో మొహం తుడుచుకుని, "ఇయ్యాల నీరు మంచిదమ్మగోరూ, తేటగున్నాది" అనేది. సముద్రపు నీటికీ మంచి రోజూ చెడ్డ రోజూ ఉంటాయని ఆమె చెబితేనే నాకు తెలిసింది.

అంతకుముందు ఆమె ఇళ్ళ వెంట తిరిగి చేపలు అమ్మేది. ఒకసారి మా గేటు ముందు గంప దించితే, వలకు తగులుకుని వచ్చిన సరుగుడు పుల్ల ఒకటి చేపల మధ్య కనిపించిందట. దాని నిండా నేరేడుపళ్ళు గుత్తిగా అతికించినట్టు నల్లగా ఏవో ఉన్నాయి. మా సైంటిస్టు శ్రీరామ్మూర్తిగారు చేపలు బేరమాడటం మానేసి ఆ పుల్ల పట్టుకున్నారు.

"ఇవెక్కడివి?"

"మసిసేప గుడ్లు బాబుగోరూ. వలకంటుకోని వత్తాయి. పారేత్తాం."

"పారెయ్యకు. ఎన్ని దొరికితే అన్ని పట్రా. నీళ్ళలోనే ఉంచి పట్రా."

ఆ వారంలోనే ఆమెను పనిలో పెట్టుకున్నారు.

ఆఫీసులో మేం ఆ ప్రాణిని కటిల్ ఫిష్ అనేవాళ్ళం. పేరుకే చేప, నిజానికి నత్తకీ ఆల్చిప్పకీ చుట్టం. నోటి చుట్టూ ఎనిమిది చేతులు, వేటకు మాత్రమే బయటికి తీసే పొడుగాటి చేతులు మరో రెండు, వీపు లోపల తేలికపాటి తెల్లని పలక. ఆ పలక ఒడ్డుకు కొట్టుకొస్తే సముద్రపు నురుగని మందుల కొట్లలో అమ్ముతారు. నా చిన్నప్పుడు చెవిలో చీము కారితే మా నాయనమ్మ అరగదీసి వేసింది అదే. భయం వేస్తే నల్లటి సిరా కక్కి, ఆ మసకలోంచి తప్పించుకుపోతుంది. అందుకని పోతమ్మకు అది మసిచేప.

నేను చేరిన నెలలోనే ఒకరోజు గేటు దగ్గర పెద్ద కేక వినిపించింది.

"ఓలే తల్లిమింగీ! తాళం ఏటి సేసినావే?"

ఎండకు ఎండి కర్రలా అయిన ముసలామె గేటు పట్టుకుని నిలబడి ఉంది. పోతమ్మ గబగబా వెళ్ళి బొడ్డున దోపుకున్న తాళంచెవి ఇచ్చి వచ్చింది.

"ఎవరావిడ? అదేం తిట్టు?" అన్నాను.

"మా అమ్మమ్మ, గంగాలమ్మ. తిట్టు కాదమ్మగోరూ, నా పేరే అది," అంది పోతమ్మ. "నన్ను కని మూడోనాడు మా అమ్మ సచ్చిపోనాది. అందుకనీ."

తల్లి పేరు ముసలమ్మ. అమ్మవారి పేరు పెట్టుకున్నారు. ఆ పేరుతో పందొమ్మిదేళ్ళకే పోయింది. తండ్రి ఎల్లాజీ ఏడాది తిరక్కుండా ఇంకో పెళ్ళి చేసుకుని భీమిలి వెళ్ళిపోయాడు. బిడ్డ గంగాలమ్మ చేతిలో మిగిలింది. ఆమెకు ముసలమ్మ ఒక్కతే కూతురు; మొగుడు కూడా పోతమ్మ పసిదిగా ఉండగానే పోయాడు. మేకపాలు పట్టి, గంజి పోసి మనవరాలిని పెంచింది. ఒక్కనాడూ కడుపు మాడ్చలేదు, చెయ్యి చేసుకోలేదు. పేరు పెట్టి మాత్రం పిలవలేదు. ఆమె అన్నమాటే వీధంతా అంది.

ఎవరింట పురుడు వచ్చినా పోతమ్మ ఆ గుమ్మం వైపు పోకూడదు. సీమంతాలకు పిలుపు లేదు. కూడా ఆడుకున్న పిల్లలు కడుపుతో ఎదురొస్తే పక్క సందులోకి తప్పుకునేది. "ఎవులూ సెప్పక్కర్లేదు. నానే తప్పుకునీదాన్ని," అని మామూలుగా చెప్పింది. తల్లి ఎలా ఉండేదని కూడా ఆమె ఎవరినీ అడగలేదు. ఏ మొహం పెట్టుకుని అడుగుతుంది?

పెళ్ళి మాత్రం తేలిగ్గానే అయింది. తాతబాబు అని, హార్బరులో మరపడవ మీద పనిచేసేవాడు. సంబంధం మాట్లాడేటప్పుడు ఎవరో ఈ సంగతి అతని చెవిన వేస్తే, "ఇంత పిల్ల అంత మనిసిని ఎలాగ మింగుద్దిరా?" అని నవ్వి తాళి కట్టాడు. గంగాలమ్మ ఇంట్లోనే కాపురం. ఆరేళ్ళయినా పిల్లలు కలగలేదు. కలక్కపోవడమే మంచిదని పోతమ్మ లోపల అనుకునేది.

ఎనభై ఒకటి జూన్ నెలలో మా వరండా చివర సిమెంటు తొట్టిలోకి మూడు మసిచేపలు ప్రాణాలతో వచ్చాయి. ఒకటి ఆడది, రెండు మగవి. పెద్ద మగది ఆడదాన్ని విడిచి జానెడు దూరం కూడా పోయేది కాదు. రెండోది దగ్గరికి వస్తే ఒంటి రంగు ముదిరిపోయి, చేతులు చాచి మీదికి వెళ్ళేది. జత కట్టేటప్పుడు రెండూ ఎదురెదురుగా వచ్చి, చేతులు పెనవేసుకుని, కాసేపు కదలకుండా ఉండిపోయేవి. మగది తన విత్తనపు పొట్లాలను ఒక చేత్తో ఆడదాని నోటి కింద దాచి పెడుతుందనీ, గుడ్డు బయటికొచ్చేటప్పుడు అక్కడే కలుస్తుందనీ శ్రీరామ్మూర్తిగారు రాసిచ్చారు. ఇంకా పెళ్ళి కాని పిల్లని. అదంతా టైపు చేస్తుంటే నాకు చెవులు వేడెక్కాయి.

గుడ్లు పెట్టే రోజున పోతమ్మ నన్ను కుర్చీలోంచి లాక్కుపోయింది. ఆమే తెచ్చి నాటిన సరుగుడు కొమ్మ దగ్గర ఆడది నీళ్ళలో వేలాడినట్టు నిలబడి ఉంది. ఒక్కో గుడ్డునూ చేతుల మధ్యకు తీసుకుని, తన సిరాతోనే నల్లటి పూత పూసి, పుల్ల దగ్గరికి వెళ్ళి కాడను చుట్టి బిగించి, వెనక్కి వచ్చి కాసేపు ఆగుతోంది. మళ్ళీ ఇంకొకటి.

"ముడేత్తన్నాదమ్మగోరూ!" అంది పోతమ్మ. "వల అల్లినట్టే ముడేత్తన్నాది. సూడండి, ఎంత ఓపికో!"

రెండు రోజులు అలా పెట్టింది. కొమ్మ నల్లగా బరువెక్కింది. ఆ తర్వాత ఆ ప్రాణి తిండి ముట్టలేదు. రంగు మారడం మానేసింది. ఒంటిమీద తోలు తెల్లగా పొరలు లేచింది. పోతమ్మ ఎంచి ఎంచి బతికున్న రొయ్యలు తెచ్చింది, ఎవరూ చెప్పకుండానే రోజుకు ఇంకో రెండు కుండలు ఎక్కువ మోసింది. ఆరో రోజు పొద్దున అది తొట్టి అడుగున చేతులు వదిలేసి పడి ఉంది.

పోతమ్మ కుండ దించి నేలమీద కూర్చుండిపోయింది.

"నా సెయ్యి మంచిది కాదు బాబుగోరూ. నానింక నీళ్ళు తేను. ఇంకెవుల్నైనా సూసుకోండి."

శ్రీరామ్మూర్తిగారు గోదావరి మనిషి. మాట తక్కువ. కళ్ళద్దాలు తుడుచుకుని మెల్లగా చెప్పారు.

"నీ చెయ్యి కాదమ్మా. దాని ఆయువే అంత. మహా అయితే ఏడాది, ఏడాదిన్నర. చివర్లో జత కట్టడం, గుడ్లు పెట్టడం, పోవడం."

"గుడ్లెట్టబట్టే గదా పోనాది?"

"పెట్టకుండా ఆపినా పోతుంది. మగది గుడ్లు పెట్టలేదు కదా? చూస్తూ ఉండు, అదీ పోతుంది."

పోతమ్మ నమ్మలేదు. కాని పని మానలేదు, చూస్తూ ఉంది. తొమ్మిదో రోజున పెద్ద మగది చచ్చిపోయింది. ఆ వారంలోనే రెండోదీ పోయింది. పోతమ్మ నా టైపు మిషను దగ్గరికి వచ్చి చెప్పింది: "పోనాయమ్మగోరూ. మగయి కూడా పోనాయి." ఆ గొంతులో ఏముందో నాకు అంతుపట్టలేదు.

కొమ్మ మీద గుడ్లు మాత్రం పెరిగాయి. రోజురోజుకూ ఉబ్బి, నలుపు పలచబడి, లోపల ఎర్రటి చుక్కలు రెండు కనిపించాయి. కళ్ళు. ఇంకో నాలుగు రోజులకు లోపలి ప్రాణి తిరగడం తెలిసింది. పదహారో రోజు పొద్దున, నేను వెళ్ళేసరికి పోతమ్మ తొట్టి మీదికి వంగి ఉంది. గుడ్డు ఒకటి చీలి, బియ్యపు గింజంత పిల్ల బయటికొచ్చింది. పోతమ్మ నీడ మీద పడగానే సూదిమొనంత సిరా చిమ్మి, పక్కకు జారి, ఇసుక రంగులోకి మారి, కనపడకుండా పోయింది.

"ఒలమ్మో! ఎవులు నేర్పినారు దీనికి?" అంది పోతమ్మ. నవ్వుతూనే ఉంది, కళ్ళమ్మట నీళ్ళు కారుతున్నాయి. కాసేపటికి, "ఇన్ని పిల్లలు. ఒక్కదాన్నీ తల్లి సూడలేదు. సముద్రంలో ఈటిని ఏటంతారమ్మగోరూ? అన్నిట్నీ తల్లిమింగులనే అంతారా?" అని అడిగింది.

అప్పుడే తనకు మూడో నెలని చెప్పింది.

"బతకనమ్మగోరూ నాను. నువ్వు సేసిందే నీ కడుపులోది నీకు సేత్తాదని అమ్మమ్మ సిన్నప్పట్నుంచీ అన్నాది. బిడ్డకి గుడ్డలు కుట్టి పెట్టినాను. మా ఆయనకి సెప్పలేదు."

ఆ రోజు ఇంటికి వెళ్ళి, అమ్మమ్మ కంచం ముందు కూర్చున్నప్పుడు పోతమ్మ తొట్టి సంగతి ఎత్తింది. మసిచేప పిల్లలు పుట్టకముందే తల్లి పోతుందనీ, అందులో పిల్లల తప్పేమీ లేదని చదువుకున్నాయన చెప్పాడనీ అంది. గంగాలమ్మ చేతిలో ముద్ద కంచంలో వేసి లేచిపోయింది. రెండు రోజులు తినలేదు, మాట్లాడలేదు. మూడోరోజు పదకొండు గంటలవేళ మా ఆఫీసుకు వచ్చింది. ఈసారి కేక వెయ్యలేదు. వరండా మెట్ల దగ్గర చెప్పులు లేని కాళ్ళు దులుపుకుని నిలబడి, "ఆటిని సూత్తాను బాబూ," అంది.

శ్రీరామ్మూర్తిగారు తొట్టి చూపించారు. ఆమెకు చూపు సరిగా ఆనక పిల్లలు కనిపించలేదు. గాజు సీసాలో మందు నీళ్ళలో దాచిన తల్లిని తెచ్చి చేతిలో పెట్టారు. గంగాలమ్మ సీసాను వెలుతురుకెత్తి చాలాసేపు చూసింది.

"పిల్లల్లేకపోయినా సచ్చిపోద్దా ఇది?"

"పోతుందమ్మా."

"పిల్లలవల్ల కాదు."

"కాదు."

సీసా ఆయన చేతికిచ్చి మెట్ల మీద కూర్చుంది. కుండ ఖాళీ చేసి వస్తున్న పోతమ్మను, "ఇలా కూకో," అంది. నా టైపు మిషను ఆ మెట్ల పక్క కిటికీ దగ్గర. వినకూడదనుకున్నా వినపడింది.

"మనుసులు మసిసేపలు కారే," అంది గంగాలమ్మ. "మీ అమ్మకి ఆయువున్నాది. మూడోనాడు పొద్దుటే మంత్రసాని సెప్పినాది. మాయ ముక్క లోపలుండిపోనాది గంగాలూ, రగతం ఆగట్నేదు, పెద్దాసుపత్రికి తీసుకుపో అన్నాది. ఆమే రిచ్చా పిలిపించినాది. ఈది సివర నిలబడినాది రిచ్చా. నాను వద్దన్నాను."

"ఎందుకొద్దన్నావు?"

"మగోల్లంతా ఏటకెల్లినారు. పురిటిది గడప దాటితే సముద్రానికి మైల తగుల్తాదన్నారు, పడవలు తిరిగి రావన్నారు. మీ తాత ఆ పడవలో ఉన్నాడు. మీ అయ్యా అందులోనే ఉన్నాడు. భయమేసినాది. రిచ్చావోడిని నానే పొమ్మన్నాను. మజ్జాన్నానికి అది పోనాది. పడవలు సాయంత్రానికి బాగానే వచ్చినాయి."

రోడ్డు మీద బస్సు ఏదో వెళ్ళింది. ఆ చప్పుడు తగ్గాక పోతమ్మ అడిగింది.

"మరి నన్నెందుకన్నావు ఇన్నాల్లూ?"

"ఎవుల్ననమన్నావే? నన్ను నాను అనుకుంటే, నిన్ను పెంచడానికి బతికుండేదాన్నా?"

పోతమ్మ లేచి చుట్టకుదురు సర్దుకుని, ఖాళీ కుండ నెత్తిన పెట్టుకుని సముద్రం వైపు వెళ్ళిపోయింది. గంగాలమ్మ ఆమె తిరిగి వచ్చేదాకా ఆ మెట్ల మీదే ఉంది. వచ్చాక ఇద్దరూ మాట్లాడుకోలేదు.

నెల పైన మాట్లాడుకోలేదు. పోతమ్మ వండేది, కంచం పెట్టేది, అమ్మమ్మ గుడ్డలు ఉతికేది, నోరు మాత్రం తెరిచేది కాదు. నాతో ఒకసారి అంది: "కోపం కూడా రావట్నేదమ్మగోరూ. కోపమొత్తే బాగున్ను." ఆ రోజుల్లో ఆమె మనసంతా మసిచేప పిల్లల మీద పెట్టింది. వాటికి చచ్చినదేదీ పనికిరాదు, కదిలేదే తింటాయి. పోతమ్మ మోకాలి లోతు నీళ్ళలోకి దిగి, పాతచీర ముక్కతో వడగట్టి, కంటికి ఆననంత రొయ్యపిల్లలను రోజూ తెచ్చేది. పిల్లలు గోరంత అయ్యాయి. ఆగస్టులో నాలుగు రోజులు ఎడతెగని వాన పట్టింది. గెడ్డలు పొంగి, ఆ వాగునీళ్ళు కలిసి సముద్రం ఒడ్డంతా బురదైంది. ఎంత దూరం నడిచినా తేటగా ఉన్న సముద్రపు నీరు దొరకలేదు. నలభై రెండో రోజున పిల్లలన్నీ పోయాయి. శ్రీరామ్మూర్తిగారు పుస్తకంలో తేదీ వేసి మూసేశారు. పోతమ్మ తొట్టి కడిగి ఎండలో ఆరబెట్టింది.

ఆస్పత్రిలో పేరు రాయించుకోమని తాతబాబూ నేనూ కలిసి నచ్చజెప్పాం. నెలనెలా వెళ్ళింది. రాను రాను ఆమె మొహంలో భయం తగ్గింది. బతకననే మాట మానేసింది. ఒకరోజు, ఆడపిల్ల పుడితే ఏం పేరు పెట్టాలమ్మగోరూ అని అడిగింది. నేను నాలుగైదు పేర్లు చెప్పాను. అవేవీ నచ్చలేదు.

డిసెంబరులో, ఎనిమిదో నెల నిండకముందే, పట్టపగలు నెప్పులు వచ్చాయి. తాతబాబు సముద్రం మీద ఉన్నాడు. గంగాలమ్మ పరుగెత్తుకెళ్ళి రిక్షా పట్టుకొచ్చింది. ఎక్కించి, తను పక్కన కూర్చుని, దారి పొడుగునా రిక్షా అతన్ని తిడుతూనే ఉందట. ఆస్పత్రిలో చెయ్యవలసినదంతా చేశారు. బిడ్డ కడుపులోనే రెండు రోజుల క్రితం పోయిందని చెప్పారు. ఆడపిల్ల. పోతమ్మకు ఏమీ కాలేదు.

పది రోజుల తర్వాత రొట్టె కొనుక్కుని చూడటానికి జాలరిపేట వెళ్ళాను. ఇంటి ముందే వీధి కుళాయి. నీళ్ళకోసం పది పన్నెండుమంది ఆడవాళ్ళు ఉన్నారు. పోతమ్మ గుమ్మంలో గోడకానుకుని కూర్చుంది. మొహం మైనంలా ఉంది. నన్ను చూసి లేవబోయింది. అప్పుడు కుళాయి దగ్గర ఒకామె ఇంకొకామెతో, వినపడాలనే, అంది:

"అప్పుడు తల్లిని. అది సాల్నేదు, ఇప్పుడు బిడ్డని."

గంగాలమ్మ అరుగు మీద చేపలు ఎండబెడుతోంది. చేతిలో చేట కింద పెట్టి కుళాయి దగ్గరికి నడిచింది. బిందెల మధ్య నిలబడి మాట్లాడింది. గొంతు పెంచలేదు.

"ఇనుకోండే. నా కూతురు ముసలమ్మని నా మనవరాలు ఈ గుంట మింగనేదు. రిచ్చా వచ్చినాది ఆ రోజు. నాను ఎనక్కి పంపినాను. మంత్రసాని కాళ్ళా ఏళ్ళా పడితే తలుపేసినాను. నా కూతుర్ని నాను సంపుకున్నాను. ఇరవయ్యారేళ్ళు ఆ మాట దీని నెత్తినెట్టినాను. ఇక మీదట ఎవులైనా దాన్నంటే, ముందు నా మొహం మీద ఊసి, అప్పుడనండి."

కుళాయి కింద బిందె నిండి పొర్లిపోయినా ఎవరూ తియ్యలేదు. గంగాలమ్మ వెనక్కి వచ్చి మళ్ళీ చేట అందుకుంది. గుమ్మం వైపు తిరిగి, "పోతమ్మా, ఎండలో కూకోకు, లోనికెల్లు," అంది. పోతమ్మ లోపలికి వెళ్ళింది. నేను వెనకే వెళ్ళాను. చాపమీద పడుకుని గోడవైపు తిరిగి, బిడ్డ పోయిన తర్వాత మొదటిసారి ఏడ్చింది. అంతకుముందు పది రోజులూ కన్ను తడి కాలేదని గంగాలమ్మ నాతో చెప్పింది.

అక్కడితో ఆ మాట పోయింది. పోతమ్మను తల్లిమింగి అన్నవాళ్ళు మళ్ళీ లేరు. కాని వీధి ఊరికే ఉండలేదు. గంగాలమ్మను పండక్కి, పేరంటానికి పిలవడం మానేశారు. కన్నకూతుర్ని చంపుకున్న మనిషి చేతి చేపలు మాకొద్దన్నారు. ఆమెతో కలిసి ఇరవై ఏళ్ళు గంపలు మోసిన ఆడవాళ్ళు ఆమె వస్తుంటే లేచిపోయేవాళ్ళు. గంగాలమ్మ ఎవరినీ పల్లెత్తు మాట అనలేదు.

పోతమ్మ మళ్ళీ పనిలోకి వచ్చాక ఈ సంగతి చెబుతూ, "ఇన్నాల్లూ నన్నన్నారు. ఇప్పుడు దాన్నంతన్నారు. ఎవులో ఒకరు కావాలమ్మగోరూ వీల్లకి," అంది.

"నువ్వు క్షమించావా ఆవిణ్ణి?" అని అడిగాను. అప్పట్లో నాకు అలాంటివి అడగకూడదని తెలీదు.

పోతమ్మ కుండలోని నీళ్ళు తొట్టిలోకి వంచుతూ ఆలోచించింది. "అదేటో నాకు తెల్దు. అన్నం పెడతన్నాను. తలకి నూనె రాత్తన్నాను. ఒక్కోనాడు దువ్వుతా దువ్వుతా ఉంటే, రిచ్చా గుర్తొత్తాది. దువ్వెన అక్కడెట్టి బయటికొచ్చేత్తాను. మళ్ళీ ఎల్లి దువ్వుతాను."

వీధి మాట్లాడకపోవడంతో గంగాలమ్మకు మనవరాలు తప్ప మనిషి లేకపోయింది. సాయంత్రాలు అరుగుమీద కూర్చుని, అడక్కుండానే, కూతురి గురించి చెప్పడం మొదలుపెట్టింది. అన్నాళ్ళూ ఆ ఇంట్లో ముసలమ్మ చావు తప్ప ముసలమ్మ లేదు. ఇప్పుడు ఒక్కొక్కటే బయటికొచ్చింది. పోతమ్మ విన్నది విన్నట్టు మర్నాడు నాకు చెప్పేది.

"మా అమ్మ సేప తినీది కాదంట అమ్మగోరూ! జాలరోల్ల ఇంట పుట్టి! వాసనకే కక్కీసేదంట."

ఇంకోరోజు: "ముందు పన్ను విరిగిపోనాదంట. అందుకని నవ్వితే నోటికి సెయ్యడ్డెట్టుకునీదంట. నాకూ అలవాటున్నాది సూసినారా? నాకెవులూ నేర్పలేదు."

ఒకనాడు పోతమ్మ చాలాసేపు పని మొదలుపెట్టలేదు. కుండ పక్కన పెట్టుకుని వరండాలో కూర్చుంది. ఆ మూడు రోజులూ తల్లి తనను కింద పెట్టలేదని అమ్మమ్మ చెప్పిందట. ఒంట్లో సత్తువ లేకపోయినా పక్కలోనే పెట్టుకుని, వేళ్ళు లెక్కపెట్టి, చెవులు చూసి, మీ నాన్న పోలికే అందట. "మసిసేప పిల్లలకి అదీ నేదు గదమ్మగోరూ. నన్ను మా అమ్మ మూడ్రోజులు సూసినాది." ఆ మాట అనేటప్పుడు ఆమె మొహం చూడలేక నేను కాగితాలు సర్దుకున్నాను.

ఎనభై మూడులో శ్రీరామ్మూర్తిగారిని కొచ్చిన్ బదిలీ చేశారు. తర్వాత వచ్చినాయనకు రొయ్యల మీద పని. పోతమ్మ రోజుకు మూడు కుండలే తెచ్చేది. ఆమెకు మళ్ళీ కడుపు నిలవలేదు. తాతబాబు ఏమీ అనలేదు. వేటనుంచి వచ్చినప్పుడల్లా ముసలావిడకు చుట్టలు తెచ్చేవాడు.

ఎనభై నాలుగు వానాకాలంలో గంగాలమ్మకు జ్వరం పట్టుకుంది. ఆస్పత్రికి పోదామంటే ఈసారి మారు మాట్లాడకుండా వచ్చింది. మందులిచ్చి పంపారు. జ్వరం తగ్గింది గాని మనిషి తేరుకోలేదు. చనిపోయే ముందు రోజు మధ్యాహ్నం కాస్త ఓపిక వచ్చి, మనవరాలి చేత దిండు ఎత్తు పెట్టించుకుని, ముసలమ్మ పన్నెండేళ్ళప్పుడు సింహాచలం తీర్థంలో తప్పిపోయిన సంగతి ఎత్తుకుంది. జనంలో చెయ్యి జారిపోయిందట. ఇద్దరూ మొగుడూ పెళ్ళాలు కొండ మీదా కిందా వెతికారట. పొద్దు వాలినా కనబడలేదట. "అప్పుడేటయినాదంటే," అని నవ్వుకుంది. నవ్వుతూనే నిద్రపోయింది. లేచాక చెబుతుందిలే అని పోతమ్మ లేపలేదు.

తెల్లారేసరికి గంగాలమ్మ లేదు.

మొయ్యడానికి వీధిలోంచి ఇద్దరే వచ్చారు. మిగతా ఇద్దరు తాతబాబు పడవ మీది మనుషులు. నేను ఆఫీసుకు సెలవు పెట్టి వెళ్ళాను. అంతా అయి, ఇల్లు కడిగి, అందరూ వెళ్ళిపోయాక పోతమ్మ నా పక్కన కూర్చుంది. ఏడవడం లేదు. ఏదో లెక్క తేలనట్టు నేలను చూస్తోంది.

పదకొండో రోజు వెళ్ళాక ఆమె ఆ వీధిలో ముసలివాళ్ళ ఇళ్ళన్నీ తిరిగింది. తనతో, తన అమ్మమ్మతో మాట మానేసినవాళ్ళ గుమ్మాలు కూడా వదల్లేదు. ముసలమ్మ సింహాచలంలో తప్పిపోయినప్పుడు ఎక్కడ దొరికింది, ఎవరు తెచ్చిచ్చారు, దొరికాక ఏమంది అని అడిగింది. ఒకామె తప్పిపోయినట్టు గుర్తుందంది. ఒకామె అసలు ఆ తీర్థానికి వాళ్ళు వెళ్ళలేదంది. భీమిలి బస్సెక్కి, ఇరవై తొమ్మిదేళ్ళుగా మొహం చూడని తండ్రి దగ్గరికి కూడా వెళ్ళింది. ఎల్లాజీకి అప్పటికి పక్షవాతం. ఆమె ఎవరో పోల్చుకున్నాడు గాని, పెళ్ళికి ముందు సంగతి తనకు తెలీదన్నాడు.

మర్నాడు ఆఫీసుకు వచ్చి కుండ దించి, చెంగుతో మొహం తుడుచుకుంది.

"ఎవులికీ తెల్దమ్మగోరూ," అంది. తర్వాత తొట్టి వైపు వెళ్ళి, అడుగున పేరుకున్న ఒండ్రు కడగడం మొదలుపెట్టింది.